జువ్వికోన గుహలో సుంకన్న

వానలు వెలిసిన మరునాడు జువ్వికోన కింది ఊటలో ఓబులమ్మకు ఒక పసుపుపచ్చ హెల్మెట్ దొరికింది. కొండ నెర్రెలోంచి నీళ్ళు ఉబికే చోట అది అడ్డంగా ఇరుక్కుని ఉంది. లాగి బురద తుడిస్తే లోపల రంగుతో రాసిన 'సుంకన్న' అనే పేరు కనిపించింది. ఆమె ఆ నీళ్ళలోనే కూలబడిపోయింది.

సుంకన్న ఆమె మొగుడు. రెండేళ్ళ కిందట నిధి వెతుకుతానని ఎర్రమల కొండల్లోకి వెళ్ళి తిరిగి రాలేదు. అతని కొండబండి మాత్రం వాగు ఒడ్డున దొరికింది. ఆ కొండల నిండా గుహలే. వెతికి వెతికి అందరూ వదిలేశారు. ఆ తర్వాత ఊరు ఒక మాట పుట్టించింది, బంగారం దొరికాక పెళ్ళాన్ని వదిలించుకుని ఎక్కడో సుఖంగా ఉన్నాడని. ఓబులమ్మ ఆ మాట నమ్మలేదు. అలాగని పూర్తిగా కొట్టిపారేయనూ లేకపోయింది. వెళ్ళే ముందు రాత్రి ఆ నిధి గురించే ఇద్దరూ గట్టిగా పోట్లాడుకున్నారు.

ఆ బండికి పక్కపక్కన రెండు సీట్లు, లావు టైర్లు, తల మీద ఇనుప పైపుల గూడు, వెనక చిన్న తొట్టి. పేరున్న కంపెనీల బండ్లు కొనే తాహతు లేక సుంకన్న అన్నిట్లోకీ చవకైనది తెచ్చాడు. ఎక్కుడులో చక్రాలు తిప్పే బెల్టు జారేది, ఎండకు ఇంజను కాగేది. అయినా అందులో అతని పక్కన కూర్చుని ఆమె చూడని కోన లేదు. అతను కనబడకుండా పోయాక స్టీరింగు తనే పట్టింది. సెలవు రోజుల్లో పట్నం వాళ్ళను కొండదారుల్లో తిప్పి బతుకుతోంది.

హెల్మెట్ చూడగానే మరిది మద్దిలేటి ముఖం పాలిపోయింది. నీళ్ళు దాన్ని మోసుకొచ్చాయంటే ఊటకు పైన ఎక్కడో గుహకు నోరుండాలి. ఇద్దరూ అప్పుడే బండిలో బయల్దేరారు.

దారి అక్కడ దారి కాదు, నున్నటి బండల మెట్లు. ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. బండి ఒక పక్కకు ఒరిగి, కాలిన రబ్బరు వాసన గుప్పుమంది.

"తిరగబడ్తాది వదినా, దిగుదాం."

ఓబులమ్మ దిగలేదు. చిన్న గేరు వేసి, ఒక్కొక్క రాయినీ టైరుతో తడుముతున్నట్టు ఎక్కించింది. పైన కలేపొదల చాటున నల్లటి గొయ్యి కనిపించింది. బండిని దాని అంచుకు తెచ్చి, చక్రాల కింద రాళ్ళు పెట్టి, ముందున్న విన్చికి, ఆ లాగుడు యంత్రానికి, చుట్టిన ఇనుప తీగ పట్టుకుని లోపలికి దిగారు.

అడుగున మోకాలిలోతు నీళ్ళు. గబ్బిలాలు ముఖాలకు తగిలి లేచిపోయాయి. ఇరుకు సందులో వంగి నడుస్తున్న ఓబులమ్మ ఒక్కసారిగా ఆగింది. సుంకన్న వేసుకెళ్ళిన ఖాకీ చొక్కా, అందులో ఎముకలు. కాలి మీద పెద్ద రాయి. రెండు చేతులూ గుహ నోటి వైపు చాచి ఉన్నాయి.

 ఆమె పక్కన కూర్చుని ఆ చొక్కా గుండీ ఒకటి ఊడి ఉంటే పెట్టింది.

సందు దాటిన మద్దిలేటి లైటు వెలుగులో చిలుం పట్టిన రాగి బిందెలు కనిపించాయి. వాటి పక్కన సుంకన్న సంచి, సగం దాకా బంగారు నాణేలు. నీళ్ళు ముంచుకొస్తుంటే దాన్ని అక్కడే పారేసి బయటికి పరుగెత్తాడని ఇద్దరికీ అర్థమైంది.

అంతలో పైన ఉరిమి వాన దంచింది. నీళ్ళు తొడల దాకా లేచాయి. మద్దిలేటి సంచి భుజానికెత్తుకున్నాడు.

"ఇదొక్కటి చాలు వదినా. మన బతుకులు మారిపోతాయి."

"మీయన్న దాన్ని ఆడ్నే వదిలేసి ఇంటికొస్తా ఉన్న్యాడు మద్దిలేటీ." ఆమె కాలి మీది రాయిని రెండు చేతులా పట్టుకుంది. "ఆయన్ని ఇంటికి చేర్చనీ నన్ను."

మద్దిలేటి సంచిలోకి ఒకసారి చూశాడు. తర్వాత సంచి నీళ్ళలోకి జారవిడిచి వచ్చి, ఏడుస్తూనే రాయికి భుజం ఆనించాడు. ఎముకలను ఆమె పైటలో మూటగట్టుకుంది.

ముందు అతను పైకెక్కి విన్చి నడిపాడు. ఆ చవక యంత్రం ఆమెను సగం దాకా లాగి ఆగిపోయింది. కింద నీళ్ళు గర్జిస్తూ వచ్చి ఆమె రొమ్ముదాకా ముంచేశాయి. మూటను తలపై పెట్టుకుని తీగకు కరుచుకుపోయింది. పైన బండి జర్రున ఒక జానెడు గొయ్యి వైపు జారింది. మద్దిలేటి చక్రానికి వీపు ఆనించి, మళ్ళీ మీట నొక్కాడు. తీగ బిగిసి కదిలింది. ఆమె అంచు పట్టుకునేసరికి లోపలి సందు, బిందెలు, అన్నీ బురదనీళ్ళలో మునిగిపోయాయి.

మద్దిలేటి వెనక తొట్టిలోకి ఎక్కి కూర్చున్నాడు. ఓబులమ్మ మూటను పక్క సీటులో ఆనించి, చుట్టూ బెల్టు బిగించింది. వాన ముఖాన కొడుతుంటే, చూపు మసకబారుతుంటే, ప్రతి రాయి దగ్గరా బ్రేకు తొక్కి, ఒక కుదుపు కూడా తగలకుండా కొండ దిగింది. నొప్పి తెలియడానికి ఆ మూటలో ఏమీ మిగిలి లేదని ఆమెకు తెలుసు. అయినా మెల్లగానే నడిపింది.