విడిదింటి మర్యాద

పెళ్ళికి పిలిచినవాళ్ళు మిమ్మల్ని ప్రత్యేకంగా చూసుకుంటామంటే, ఎందుకని అడగండి. మొహమాటపడకండి. మేం మొహమాటపడ్డాం.

2001, వైశాఖ మాసం. మా పిన్ని కొడుకు గౌతమ్ పెళ్ళి. పెళ్ళికూతురు జయశ్రీది ఉద్దానం, పూండి స్టేషను నుంచి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఓ పల్లె. ఆమె తండ్రి వైకుంఠరావుకి జీడితోటలూ కొబ్బరితోటలూ ఉన్నాయి. మహా పద్ధతి గల మనిషని మా పిన్ని తెగ పొగిడేది. శుభలేఖతో పాటు బయటూరి వాళ్ళ కోసం ఒక జెరాక్సు కాగితం కూడా పంపాడు. పలాసలో దిగండి, పూండిలో అన్ని బళ్ళూ ఆగవు. స్టేషను బయట మా జీపు ఉంటుంది, కనపడకపోతే ఏ ఆటోవాడికైనా మా పేరు చెప్పండి. మా ఊరి బావుల నీళ్ళు తాగకండి, బాటిల్ నీళ్ళు మేమే పెడతాం. చీకటి పడ్డాక తోటల్లోకి వెళ్ళకండి, ఎలుగుబంట్లు తిరుగుతాయి. ఇన్ని రాశాడు. ఎలుగుబంట్ల సంగతి రాసిన చేత్తో రాయాల్సిన ముక్క మాత్రం రాయలేదు. ఎనిమిదేళ్ళయింది. నా కోపం తగ్గలేదు, తగ్గదు కూడా.

మా అమ్మ జానకికి అప్పటికి డెబ్భై ఒకటి. రెండు కళ్ళకీ శుక్లాలు. వెలుగూ చీకటీ తెలిసేవి, మనిషి అలికిడి తెలిసేది, మొహాలు మాత్రం తెలిసేవి కావు. కాకినాడ నుంచి అంత దూరం ఎందుకులే అనుకున్నాం. వైకుంఠరావు స్వయంగా ఫోన్ చేశాడు. "పెద్దావిడ రాకపోతే పందిరికి నిండుదనమేది తల్లీ? ఆవిడకి విడిగా ఇల్లిస్తాం, మెట్లెక్కే పనుండదు" అన్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు చేశాడు. నాన్నకి ప్రయాణాలు పడవు. "అంతగా పిలుస్తున్నారు, మీరిద్దరూ వెళ్ళండి, ఇల్లు నేను చూసుకుంటాను" అన్నాడు. మగపెళ్ళివారి బస్సంతా ఊరి హైస్కూల్లో దిగింది. అమ్మకీ నాకూ మాత్రం వేరే ఇల్లు. ఎంత మర్యాదో అని మురిసిపోయాను. తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఊరి చివర, జీడితోటకి ఆనుకుని ఉన్న పెంకుటిల్లు అది. గుమ్మానికి మామిడి తోరణం, వాకిట్లో ముగ్గు, గదిలో రెండు కొత్త చాపలు, గోడవార డజను నీళ్ళ బాటిళ్ళు. తోటలో రాలి కుళ్ళిన జీడిపళ్ళు పులిసిన వాసన కొడుతున్నాయి. దూరంగా సముద్రం హోరు. ఇంట్లో అడుగుపెడితే ఆ వాసన ఆగిపోయి, తడి సిమెంటు వాసన వచ్చింది. అమ్మకిచ్చిన గదిలో వెనక గోడకి తలుపంత మేర కొత్తగా పూత పూశారు. సున్నం కూడా వెయ్యలేదు. ఏదో పాత తలుపు మూసేసి ఉంటారనుకున్నాను.

మధ్యాహ్నం మంగ అనే పనిమనిషి భోజనం తెచ్చింది. నాకన్నా ఐదారేళ్ళు చిన్నది, వాళ్ళ వైపు వాడుకలో నన్ను 'అప్పా', అంటే అక్కా, అని పిలిచింది. క్యారేజీ ముగ్గుకి అవతలే కింద పెట్టేసింది.

"లోపల పెట్టమ్మా, అమ్మకి తల దువ్వుతున్నాను" అన్నాను.

"నోపలికి రానప్పా. నాకు పనుంది."

"రెండడుగులు వేస్తే అరిగిపోతావా?"

వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. పెళ్ళివారింట పనివాళ్ళకి కూడా ఇంత పొగరా అని ఒళ్ళు మండింది. అమ్మ మాత్రం "పోనీలేవే, పెళ్ళి హడావిడి" అంది. అమ్మది ఎప్పుడూ అదే మాట.

ముహూర్తం రాత్రి పదీ నలభైకి. ఎనిమిదింటికి జీపు పంపిస్తామన్నారు. సాయంత్రం ఏడు కాకుండానే కరెంటు పోయింది. అమ్మని పట్టుచీర కట్టి కూర్చోబెట్టి, చేతికి కుంకుమభరిణె ఇచ్చి, నేను పెరట్లో స్నానానికి వెళ్ళాను. పందిట్లో మోగుతున్న సన్నాయి ఇక్కడికి సన్నగా వినిపిస్తోంది. చెంబుతో నీళ్ళు పోసుకుంటూ ఉంటే ఇంట్లోంచి అమ్మ గొంతు వినపడింది.

"అయ్యో, మీకెందుకమ్మా శ్రమ... చాలు చాలు..."

అమ్మయ్య, ఇప్పటికి ఎవరో ఒకరు పలకరించడానికి వచ్చారు అనుకున్నాను. తడి తల తుడుచుకుంటూ కొవ్వొత్తి పట్టుకుని గదిలోకి వెళ్ళాను. అమ్మ ఒక్కతే ఉంది. కొత్త పూత వేసిన గోడకేసి తిరిగి, కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"ఎవరమ్మా వచ్చింది?"

"ఈ ఇంటావిడ. కాంతమ్మగారట. ఇప్పటిదాకా కాళ్ళు పట్టారు. చేతులు ఎంత చల్లగా ఉన్నాయో! పాపం, దాహం దాహం అంటుంటే మన బాటిళ్ళు తీసుకోమన్నాను."

గోడవారకి చూశాను. డజను బాటిళ్ళూ వరసగా నిలబడే ఉన్నాయి. ఒకటి తీశాను. మూత బిగించే ఉంది, సీలు కూడా ఊడలేదు. లోపల చుక్క లేదు. రెండోది తీశాను. అదీ అంతే. మూడోది ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు.

"అప్పా..." బయటి నుంచి పిలుపు. మంగ. లాంతరు పట్టుకుని మధ్యాహ్నం నిలబడ్డ చోటే నిలబడి ఉంది. నేను బయటికి వెళ్ళాను.

"కాంతమ్మంటే ఎవరు?" అన్నాను.

మంగ రెండడుగులు వెనక్కి వేసింది. "ఆ పేరు నీకెవులు సెప్పినారు?"

"మా అమ్మ. లోపల ఆవిడతో మాట్లాడిందట."

"ఓలమ్మో..." మంగ గొంతు తగ్గించింది. "మా బాబుగారి అప్ప. జయమ్మకి మేనత్త. కిడ్నీలు పోనాయి. అరగ్లాసు కంటే నీల్లియ్యద్దన్నారు డాట్రుగారు. దాహమని ఏడిసి ఏడిసి పోనాదప్పా. అదీ ధనిష్ఠ నచ్చత్రంల పోనాది. ఆర్నెల్లు ఇల్లు పాడెట్టాల కదేటి? మూడు నెల్లు అవనేదు. పీనుగుని గుమ్మంలోంచి కూడా తేనేదు. ఎనక గోడ కొట్టి తెచ్చినారు."

తడి సిమెంటు వాసన గుర్తొచ్చింది. అక్కడ మూసేసింది పాత తలుపు కాదు.

"ధనిష్ఠల పోనోలు తోడు నేకుండా ఎల్లరు. రోజూ దీపాలేల తోటలోంచి జయమ్మని పిలుత్తంది. తోడు రాయే అని. మేమందరం ఇన్నాం. పెల్లి కావాల్సిన పిల్ల... అందుకే..."

మిగతాది చెప్పక్కర్లేదు. మూడు ఫోన్లు, విడిగా ఇల్లు, మెట్లెక్కే పని లేకపోవడం. కూతురికి బదులు మా అమ్మని తెచ్చి ఆ చాప మీద కూర్చోబెట్టాడు.

"నాకూ తల్లుందప్పా. పొద్దున్నించీ అన్నం తినలేకపోనాను. బేగి తీసుకెల్లిపో" అంది మంగ.

లోపల అమ్మ నవ్వింది. ఎవరో ఏదో అంటే నవ్వినట్టు.

పరిగెత్తాను. చేతిలో కొవ్వొత్తి ఆరీ ఆరనట్టు రెపరెపలాడింది. అమ్మ లేచి నిలబడి ఉంది. ముసలివాళ్ళని నడిపించేటప్పుడు ఎవరో చెయ్యి అందించినట్టు, కుడిచెయ్యి ముందుకి చాచి ఉంది. మెల్లగా గోడకేసి నడుస్తోంది. పూత తడిసిపోయింది... పైనుంచి కిందకి నీళ్ళు కారుతున్నాయి.

"అమ్మా, ఆగు."

"ఉండవే. పెరటి దారి చూపిస్తానంటున్నారు ఆవిడ. ఇటు దగ్గరట."

గదిలో ఇంకో గొంతు ఉంది. చాలా సన్నగా... గోడలోంచో, నేల మీంచో.

"అరగ్లాసే... అరగ్లాసే ఇత్తారు..."

అమ్మ వేళ్ళు గోడని తాకాయి. తాకి ఆగలేదు. మణికట్టు దాకా చెయ్యి కనపడలేదు.

కొవ్వొత్తి పడేసి, రెండు చేతులా అమ్మ నడుం పట్టుకుని వెనక్కి లాగాను. అవతల నుంచి కూడా లాగుతున్నారు. గట్టిగా కాదు. ఇంకో ముద్ద తినమని చెయ్యి పట్టుకుని బతిమాలినట్టు, మర్యాదగా. ఆ మర్యాదకి నాకు పిచ్చెక్కింది. భయపడాల్సిన చోట నాకు కోపమే వచ్చింది. నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను. బ్యాంకులో ఉద్యోగం చేసుకునే దాన్ని, అన్ని బూతులు నా నోట్లో ఉన్నాయని నాకే తెలియదు. "నీకు తోడు కావాలంటే నీ తమ్ముడు లేడుటే? వాణ్ణి తీసుకుపో! మా అమ్మని వదులు!" అని అరిచాను. చెయ్యి ఊడి వచ్చింది. ఇద్దరం వెనక్కి పడ్డాం. అమ్మ చెయ్యి మోచేతి దాకా తడిగా, మంచుగడ్డలా ఉంది.

లేవదీసి ఈడ్చుకొచ్చాను. గుమ్మం దాటేటప్పుడు అమ్మ వెనక్కి తిరిగి ఏదో అంది. నా తిట్ల హోరులో నాకు వినపడలేదు. మంగ లాంతరు ముందు నడిచింది. ముగ్గురం పందిరి చేరాం.

వైకుంఠరావు పట్టుపంచెలో, భుజాన కండువాతో, వచ్చినవాళ్ళకి నమస్కారాలు పెడుతున్నాడు. నేను తిన్నగా వెళ్ళి ఆ కండువా పట్టుకున్నాను.

"మా అమ్మని ఎక్కడ పెట్టావురా?"

సన్నాయి ఆగిపోయింది. మా పిన్ని "వసంతా!" అంటూ పరిగెత్తుకొచ్చింది. వైకుంఠరావు నన్ను పందిరి పక్కకి తీసుకెళ్ళాడు. బుకాయించలేదు. అది చూసి నాకు ఇంకా మండింది.

"నా ఒక్కగానొక్క కూతురు తల్లీ. దానికింకా జీవితం మొదలవనేదు" అన్నాడు గొంతు దించి. "మీ అమ్మగారు అన్నీ చూసినారు. డెబ్భై దాటినాయి..."

"దాటితే? దాటితే నీ అక్కకి నైవేద్యమా? మీ ఇంట్లో ముసలివాళ్ళు లేరా? నువ్వెళ్ళి ఆ చాప మీద పడుకోవచ్చుగా, నీకూ అరవై ఉంటాయి!"

తల దించుకున్నాడు. కూతురి కోసం చచ్చిపోతాననే తండ్రులు చాలామంది ఉంటారు. వీడు నా తల్లిని చంపడానికి సిద్ధపడ్డాడు.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఎందుకే అలా అరుస్తావు, పెళ్ళివారింట్లో? ఆవిడ ఎంత మర్యాదస్తురాలో నీకేం తెలుసు? తోడు రమ్మని అడిగింది, కళ్ళు కనపడనిదాన్ని నేనేం తోడమ్మా అన్నాను. నొచ్చుకుంటుందని బొట్టు పెట్టి మా ఇంటికి రమ్మని పిలిచాను."

పెట్రోమాక్స్ వెలుతురులో అమ్మ ఉంగరం వేలికి కుంకుమ కనిపించింది. తడిసి ముద్దయి ఉంది.

"ఏమని పిలిచావు?"

"ఇంత కాళ్ళు పట్టినావిడని ఊరికే వదిలేసి వస్తామా? కాకినాడ రండి, మా వీధి ఇది, ఇంట్లో మావారొక్కరే ఉన్నారు, మొహమాటపడకండి అన్నాను. వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర మళ్ళీ చెప్పాను. తప్పకుండా వస్తానంది."

నేను వైకుంఠరావు మొహం చూశాను. దేవుడి మీద ఒట్టేసి చెబుతున్నాను, వాడు భయపడలేదు. కళ్ళు మూసుకుని, రెండు చేతులూ ఎత్తి మా అమ్మకి దణ్ణం పెట్టాడు. బరువు దించుకున్నవాడి మొహం అది. వెళ్ళి సన్నాయివాళ్ళని వాయించమన్నాడు.

పందిరికి నాలుగిళ్ళ అవతల ఎస్టీడీ బూత్ ఉంది. అమ్మని మంగ పక్కన కూర్చోబెట్టి పరిగెత్తాను. ఇంటికి నంబరు నొక్కడానికి నాలుగుసార్లు పట్టింది. గోడ గడియారం ఎనిమిదీ పది చూపిస్తోంది. ఆ ఇంట్లోంచి మేం బయటపడి అరగంట కాలేదు.

నాన్నే ఎత్తాడు. "వసంతా? నేనే చేద్దామనుకుంటున్నాను. పందిట్లోకి వెళ్ళారా?"

"నాన్నా, ఇంటికెవరైనా వచ్చారా?"

"ఇప్పుడే వచ్చింది. మీ అమ్మ బొట్టు పెట్టి పిలిచిందటగా? పాపం, ఎంత దూరం నడిచిందో, కాళ్ళనిండా ఇసక."

"లోపలికి రానివ్వకు. నీళ్ళివ్వకు నాన్నా!"

"అదేం మాటే? గుమ్మంలోకి వచ్చిన మనిషికి మంచినీళ్ళివ్వకపోవడమేమిటి? బిందె ఖాళీ అయింది. ఇంకా కావాలంటోంది." నాన్న గొంతులో చిన్న విసుగు, అంతకుమించి ఏమీ లేదు. "వీధి చివరిదాకా తోడు రమ్మంటోంది. చీకట్లో ఆడమనిషిని ఒక్కదాన్నీ ఎలా పంపిస్తాం? దింపేసి వస్తాను, ఉండు."

"వద్దు! నాన్నా, వెళ్ళకు! నాన్నా!"

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. చెప్పులేసుకున్న చప్పుడు. గడియ తీసిన చప్పుడు. "జాగ్రత్తమ్మా, మెట్టుంది" అని నాన్న అనడం వినిపించింది. తలుపు దగ్గరగా వేసిన చప్పుడు. ఇంక ఇంట్లో ఎవరూ లేరు.

అయినా నేను అరుస్తూనే ఉన్నాను. తిడుతూనే ఉన్నాను. ఆవిణ్ణి, వైకుంఠరావుని, మా అమ్మ మర్యాదని, అందర్నీ తిట్టాను. కాకినాడలో ఆ ఖాళీ ఇంట్లో ఎవరో ఫోను చేతిలోకి తీసుకున్నారు. ఊపిరి తెలుస్తోంది, మధ్యలో నీళ్ళు గుటక వేసిన చప్పుడు. మాట్లాడలేదు. నేను అలిసిపోయి ఆగేదాకా ఓపిగ్గా విని, మెల్లగా పెట్టేశారు.