కోటకొమ్మ కోడ్

సోమవారం ఉదయం తొమ్మిదింటికి గద్వాలలో బస్సు దిగేసరికి శ్రవణ్ కుమార్ దగ్గర ఉన్నవి ఇవి: సూట్‌కేసులో ఎనిమిది చీరలు, పోగులు లెక్కపెట్టే భూతద్దంలో దాచిన కెమెరా, బట్ట కొలిచే టేపులో ఇమిడిన సిగ్నల్ జామర్, చెవిలో శనగగింజంత రిసీవర్. వీటన్నిటికంటే బరువైనది ఇంకొకటుంది. తోటి ఏజెంటు సతీష్ మీద అసూయ.

శ్రవణ్ చీరల వ్యాపారుల ఇంట్లో పుట్టినవాడు. గూఢచార ఏజెన్సీలో పదేళ్లు పనిచేసినా తూకం వేసే బుద్ధి పోలేదు. సతీష్‌కి ఏమొచ్చింది, తనకేమొచ్చింది? అటు రెండు విదేశీ పోస్టింగులు, ఇటు ఎండలో తిరుగుడు. ఇప్పుడు సుహాసిని కూడా అటే. రెండేళ్ల కిందట రాయచూర్ మిషన్‌లో తనకు జోడీగా పనిచేసిన సుహాసిని, ఇప్పుడు 'గోరింక' అనే విదేశీ ముఠాలో చేరినట్టు నటిస్తున్న డబుల్ ఏజెంట్. ఆమెను నడిపించే ఆఫీసర్ సతీష్.

రిసీవర్‌లో చీఫ్ గొంతు వినిపించింది.

"వజ్రకవచం అంటే తెలుసుగా?"

"తెలుసు సార్. యాక్టివ్ ప్రొటెక్షన్ సిస్టమ్. ట్యాంకు మీదికి మిసైల్ వస్తుంటే రాడార్ పసిగడుతుంది. రెప్పపాటులో ఎదురు గుండు పేల్చి దాన్ని గాల్లోనే ముక్కలు చేస్తుంది."

"ఆ రాడార్ ఫ్రీక్వెన్సీ టేబుల్ ల్యాబ్ నుంచి బయటికి పోయింది. గోరింక చేతికి చిక్కితే మన రాడార్ గుడ్డిదైపోతుంది. ట్యాంకులో ఉన్న కుర్రాళ్లు సజీవంగా కాలిపోతారు. చేనేత సరుకులో దాచి గద్వాల చేర్చారు. నాలుగింటికి నాగర్‌కర్నూల్ లాడ్జి నుంచి భానుప్రకాశ్ అనేవాడు దాన్ని విదేశానికి పంపుతాడు. లీడ్ సతీష్. నువ్వు వెనక ఉండు."

వెనక. ఆ మాట కూడా తూకంలో పడింది.

మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న తిమ్మమ్మ, చిన్నప్పటి నుంచి శ్రవణ్‌ని ఎరిగిన నేతగత్తె, కళ్లద్దాల పైనుంచి చూసింది.

"ఏంది శ్రవణూ, మీసం అతికించుకొని వచ్చినవ్? పక్కకు జారింది, జర సరిజేసుకో."

"అవ్వా, ఈ నడుమ కొత్తోళ్లు ఎవరన్న వచ్చిండ్రా?"

"వారం కింద ఒక పట్నం మేడం జకార్డ్ అట్టలు తెచ్చి వరుసగ కుట్టియ్యమన్నది. మగ్గానికి ఎక్కించి చూసిన. కొమ్మ పడలే, పువ్వు పడలే. అన్ని పిచ్చి బొక్కలు."

శ్రవణ్‌కి వెంటనే వెలిగింది. జకార్డ్ అట్ట అంటే మగ్గానికి రాసిచ్చిన ఆర్డర్. బొక్క ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. డిజైన్ రాని బొక్కలంటే అవి అంకెలే. ఫ్రీక్వెన్సీ టేబుల్!

"ఆ మేడం పేరేంది?"

"సుహాసిని అన్నది. పొద్దుగాల్నే వచ్చి కట్ట తీస్కపోయింది. మా పాత కోటకొమ్మ అంచు అట్టలు గూడ అడిగి పట్కపోయింది. గవి ఎందుకో తెల్వదు."

చివరి మాటలు శ్రవణ్ పట్టించుకోలేదు. అతను పేరు దగ్గరే ఆగిపోయాడు.

నాగర్‌కర్నూల్ బస్సు వనపర్తిలో ఆగినప్పుడు కిటికీలోంచి ఎదురుగా టీ హోటల్ కనిపించింది. ఎరువుల ఏజెంటు వేషంలో సతీష్ కూర్చున్నాడు. సుహాసిని హోటల్ వంటింట్లోంచి చేతులు దులుపుకుంటూ వచ్చి అతని ఎదుట కూర్చుంది. ఏదో అంది. ఇద్దరూ నవ్వారు. ఆమె ఒంటిమీద చిలకపచ్చ గద్వాల చీర. రాయచూర్ మిషన్ ముగిశాక తను ఇచ్చినదే. నా చీర కట్టుకుని వాడితో నవ్వుతుందా! శ్రవణ్ చెవులు కాలిపోయాయి.

"సార్, ఆమె మనల్ని అమ్మేసింది. అట్టలు ఆమె దగ్గరే ఉన్నాయి."

చీఫ్ వెంటనే తేల్చాడు. "పంపడం పూర్తయితే అవతల వాళ్ల స్థావరం దొరికేది. కానీ టేబుల్ పోతుంది. రిస్క్ వద్దు, వాడు పంపుతుండగా జామర్ నొక్కు. ఆమె తిరగబడితే కాల్చమని సతీష్‌కి చెబుతున్నాను."

కాల్చమనడం శ్రవణ్ విన్నాడు. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

మూడూ యాభై ఆరు. నాగర్‌కర్నూల్ లాడ్జి గదిలో, చీరలమ్మే సేటుగా లోపలికి వచ్చిన శ్రవణ్ ఎదుటే, భానుప్రకాశ్ అట్టలను ఒక్కొక్కటిగా స్కానర్‌కి తినిపిస్తున్నాడు. దిండు కింద నుంచి పిస్తోలు పిడి కనిపిస్తోంది.

"జర కూర్చో సేట్. డిజైన్ ఆర్డర్ పంపుతున్న. అయినంక నీ చీరలు చూస్త."

ల్యాప్‌టాప్ తెర మీద పంపినది డెబ్బై ఒకటి శాతం. శ్రవణ్ వేలు టేపు మీద ఉంది. కిటికీ పక్కన నిలబడ్డ సుహాసిని అతని వైపు తిరిగింది.

"సేట్, మీ సరుకు మంచిదేనా?"

"మంచిదేనమ్మా."

"అంచు చూసి చెప్పాలె గద. మొఖం చూసి కాదు."

శ్రవణ్ అంచు చూశాడు. నూలు ఒంటికి పట్టు అంచు కలిసే చోట పోగుల ముడులు పైకి కనిపిస్తున్నాయి. చీర తిరగేసి కట్టుకుంది! రాయచూర్‌లో ఇద్దరే పెట్టుకున్న కోడ్ అది. తిరగేసిన చీర అంటే, సరుకు మార్చేశాను. అప్పుడు తిమ్మమ్మ పాత అట్టలు గుర్తొచ్చాయి. స్కానర్‌లోకి పోతున్నవి అవే!

భూతద్దం కెమెరాలోంచి తెర చూస్తున్న సతీష్ రిసీవర్‌లో అరిచాడు. "ఎనభై తొమ్మిది! నొక్కు!"

శ్రవణ్ కదల్లేదు.

"తొంభై ఏడు! నొక్కురా!"

శ్రవణ్ టేపు మీది నుంచి వేలు తీసేశాడు. వంద. అవతలి నుంచి అందినట్టు సిగ్నల్ వచ్చింది. దాంతోపాటే ముఠా అడ్రస్ చీఫ్ తెర మీద పడింది.

తలుపు బద్దలైంది. భానుప్రకాశ్ చెయ్యి దిండు కిందికి పోయింది. శ్రవణ్ ఒక చీర విసిరి ఆ చేతికి చుట్టి లాగాడు. గుండు చీరను చీల్చుకుని పైకప్పులోకి పోయింది. లోపలికి దూకిన సతీష్ తుపాకి సుహాసిని వైపు ఉంది.

"ఆపు! ఆమె మన మనిషే!" శ్రవణ్ అడ్డం నిలబడ్డాడు.

భానుప్రకాశ్‌ను తీసుకెళ్లాక సతీష్ శ్రవణ్ మీద మండిపడ్డాడు. "నా ఆర్డర్ ఎందుకు వినలే?"

సుహాసిని బదులిచ్చింది. "వనపర్తిల పక్క టేబుల్ కాడ భానుప్రకాశ్ మనిషి కూసున్నడు. నేను నోరు తెర్వరాదు. అసలు అట్టలు హోటల్ పొయ్యిల వేసి వచ్చి గంటసేపు నీ ముంగట కూసున్న. చీర తిరగేసి కట్టుకున్నదని నీకు కనపడలే."

"నేను చీరెందుకు చూస్త?"

"గదే మరి."

శ్రవణ్ తల దించుకున్నాడు. "కాల్చమన్న ఆర్డర్ నా మాట మీదనే వచ్చింది సుహాసినీ."

"ఎర్కే. నువ్వు కుళ్లుకుంటె చెవులు ఎర్రగైతయ్. బస్సు కిటికీల దూరంకెళ్లే కనపడ్డయ్." ఆమె నేలమీది చీర తీసి మడతపెట్టుకుంది. "బొక్క పడ్డది నేను తీస్కుంట. నువ్వు నాకు చాయ్ తాపియ్యి, పా."

ఆ సాయంత్రం గోరింక నిపుణులు ఫైలు విప్పితే తెర నిండా కోటగోడ పళ్లలా బారులు తీరిన కోటకొమ్మ అంచు కనిపించిందట. పట్టుబడేదాకా వాళ్లు అది ఏ రాడారో తేల్చుకోలేకపోయారు. మెచ్చుకోలు పత్రం లీడ్ కాబట్టి సతీష్‌కే పోయింది. శ్రవణ్‌కి మిగిలింది ఏడు చీరలు, ఒక టేపు, ఒక భూతద్దం, ఎదురుగా టీ తాగుతున్న సుహాసిని. అసూయ కోసం వెతికితే దొరకలేదు. అది బయట జీపులో ఒంటరిగా కూర్చున్న సతీష్ చెవుల్లో ఎర్రగా కనిపించింది.