గాలి కన్నం మూసిన చేతులు

మా ఊళ్ళో నన్ను నిజాయితీపరుడంటారు. చర్చి మెట్ల మీద కనిపిస్తే చెయ్యి పట్టుకుని మరీ అంటారు. ఆ పేరు నాకెలా వచ్చిందో ఇప్పుడు చెబుతాను. చెబితే ఆ పేరు కాస్తా పోతుంది. పోనీండి, పదిహేనేళ్ళు మోశాను, చాలు.

నేను కిరోసిన్ బాయిలర్ల మెకానిక్‌ని. ఆరేళ్ళ కిందటిదాకా, అనాలి. ఐర్లండ్‌లో మా డోనెగల్ కొండల్లోకి గ్యాస్ పైపులు రాలేదు. అందుకని ప్రతి ఇంటి పెరట్లో ఓ ఆకుపచ్చ ట్యాంకు ఉంటుంది, లోపల ఓ బాయిలర్, దాని పొట్టలో ఓ బర్నర్. చలికాలం ముందు ఏడాదికోసారి ఆ పొట్ట విప్పి, మసి గీకి, నూనె చిమ్మే ఇత్తడి ముక్కు మార్చి, ట్యాంకు దగ్గర జల్లెడలో చేరిన నీళ్ళు ఒంపి, చివర్లో పొగగొట్టంలోకి మీటరు పుల్ల దూర్చి పొగలో ఏముందో కొలవాలి. ఆ అంకెలు కాగితం మీద రాసి, సంతకం పెట్టి, బాయిలర్‌కి వేలాడదీయాలి. ఈ పనంతా గంటన్నర. నేను మాత్రం మూడు గంటలు పట్టించేవాణ్ణి. ఎందుకంటే మాట్లాడాలి కదా! "మాలకీ వస్తే ఇల్లు వెచ్చబడుతుంది, ఊరి కబుర్లు ఊరికే వస్తాయి" అనేవాళ్ళు.

మంటకి గాలి కావాలి. అందుకని బాయిలర్ ఉన్న గదికి బయటి గోడలో పిడికిలి పట్టేంత కన్నం వదిలి జాలీ బిగిస్తాం. ఆ కన్నంలోంచి అట్లాంటిక్ సముద్రం మీది గాలి నేరుగా వచ్చి కాళ్ళకి కొడుతుంది. అప్పుడు మావాళ్ళేం చేస్తారు? మేజోడు కుక్కుతారు. ముప్పై ఏళ్ళలో ఆ కన్నాల్లోంచి నేను పీకినవి ఇన్నీ అన్నీ కావు. మేజోళ్ళు, పాత బనియన్లు, ఓ ఇంట్లో అయితే ఏకంగా పెళ్ళినాటి టోపీ. పీకి, నాలుగు చీవాట్లు పెట్టి, టీ తాగి వచ్చేవాణ్ణి.

యూనన్, డింప్నా అని అన్నాచెల్లెళ్ళు ఉండేవాళ్ళు. ఇద్దరికీ పెళ్ళిళ్ళు లేవు, ఇద్దరూ ఎనభైకి అటూ ఇటూ. కొండ కింద వాళ్ళ ఇల్లు. బాయిలర్ వెనక వంటగదిలో ఉండేది. దాని పక్కనే యూనన్ కుర్చీ. పొద్దస్తమానం అక్కడే కూచుని పైపు కాల్చేవాడు.

ఆ అక్టోబరులో వెళ్ళేసరికి ఇంటికి కొత్త ప్లాస్టిక్ కిటికీలు పెట్టించుకుని ఉన్నారు, చీమ దూరే సందు లేదు. ఇక గాలి వచ్చేది ఆ కన్నం ఒక్కదాంట్లోంచే.

"నాయనా మాలకీ, ఆ కన్నం నా మోకాళ్ళని తినేస్తోందిరా. దాన్ని మూసెయ్యి, నీకు పుణ్యముంటుంది" అంది డింప్నా.

"అది మూస్తే మంటకి ఊపిరాడదమ్మా."

యూనన్ పైపు నోట్లోంచి తియ్యకుండానే అన్నాడు. "నీకున్న ఊపిరిలో కాస్త దానికి అప్పివ్వరా. ఇంకా ఊరందరికీ మిగులుతుంది."

ముగ్గురం నవ్వుకున్నాం. ఆవిడ వేడి వేడి ఆపిల్ టార్ట్ నా ముందు పెట్టింది, పైన మీగడ వేసి. "మా అన్న మేజోడు కుక్కితే నువ్వు పీకేస్తావు. అదే నీ చేత్తో నువ్వు చేస్తే ఎంత అందంగా ఉంటుందో! నీ పనితనం ఈ జిల్లాలో ఎవరికుంది?" అంది.

నేను పొగడ్తకి కరిగిపోయే మనిషిని. జాలీ తీశాను. పలకరాయి ముక్క సరిగ్గా కోసి అమర్చాను. చుట్టూ నురగ మందు కొట్టి, అది గట్టిపడ్డాక చెక్కి, తెల్లరంగు వేశాను. అక్కడ కన్నం ఉండేదంటే కట్టిన మేస్త్రీ కూడా నమ్మడు. "చలికాలం పోయాక తీసేద్దాం" అన్నాను. తర్వాత పొగ కొలుద్దామని మీటరు తీస్తే దాని బ్యాటరీ చచ్చిపోయి ఉంది. వానలో మళ్ళీ ఎవడొస్తాడులే అని, పోయినేటి కాగితం చూసి అవే అంకెలు రాసి, సంతకం పెట్టి, వేలాడదీసి వచ్చేశాను.

జనవరిలో యూనన్ పోయాడు, కుర్చీలోనే. డాక్టరు వచ్చి గుండె అన్నాడు, వయసు అన్నాడు. ఎవరూ ఇంకో మాట అనలేదు.

మా దగ్గర చనిపోయిన మనిషిని రెండు రోజులు ఇంట్లోనే ఉంచుతారు. పెట్టె మూత తీసి ముందు గదిలో పడుకోబెడతారు. గడియారం ఆపేస్తారు, అద్దానికి గుడ్డ కప్పుతారు. ఊరంతా వచ్చి, చేతులు కలిపి, టీ తాగి, పోయినవాడి మీద జోకులు చెప్పుకుని వెళ్తారు. నేను వెళ్ళేసరికి సాయంత్రం అయిదు దాటింది. జనవరిలో అప్పటికే కటిక చీకటి. ఇల్లంతా జనం. హామ్ శాండ్విచ్‌లు, సిగరెట్లు, తడిసిన కోట్ల వాసన... వాటన్నిటి కిందా సన్నగా ఇంకో వాసన. సరిగ్గా కాలని కిరోసిన్ వాసన. నా ముక్కుకి తప్ప ఇంకెవరికీ తెలియదు.

యూనన్ చేతులకి జపమాల చుట్టారు. మొహం ఎర్రగా, ఆరోగ్యంగా ఉంది. "ఎంత కళగా ఉన్నాడో చూడు" అంది ఒకావిడ. పొగ పట్టి చనిపోయినవాళ్ళు అలాగే ఎర్రగా ఉంటారని మాకు క్లాసులో చెప్పారు.

వెనక వంటగదిలోకి వెళ్ళాను. ఇద్దరాడవాళ్ళు కప్పులు కడుగుతున్నారు. "తలలు పగిలిపోతున్నాయి తల్లీ, కాసేపు ముందు గదిలో కూచుందాం పద" అనుకుంటూ, నన్ను చూసుకోకుండానే దీపం ఆర్పేసి వెళ్ళిపోయారు. బర్నర్ గాజుకంటిలోంచి చూశాను. మంట కణకణమనడం లేదు. బద్ధకంగా, నారింజరంగులో, పొగలు కక్కుతూ నాలుకలు చాస్తోంది. పైన గోడకి నల్లటి మసి. పక్కన నా కాగితం. నా సంతకం.

ఇప్పుడంటే తలుపులు తీస్తూ వేస్తూ ఉన్నారు, గాలి ఆడుతోంది. రేపు సమాధి దగ్గర్నుంచి వచ్చాక తలుపులన్నీ వేసుకుని డింప్నా ఒక్కతే పడుకుంటుంది. ఇంకో వారం, లేదా రెండు వారాలు. అంతే.

మరి చెప్పాలి కదా? ముందు గదిలోకి వెళ్ళి, పెట్టె పక్కన నిలబడి, "ఆ కన్నం నేనే మూశాను, ఆ అంకెలు నేనే దొంగగా రాశాను" అనాలి. నోరు తెరిస్తే ఆగని నాకు ఆ రెండు ముక్కలు రాలేదు. కాగితం తెంపి జేబులో పెట్టుకున్నాను. వ్యానులోంచి ఉలి తీసుకుని, ఎవరూ చూడకుండా ఇంటి వెనక్కి వెళ్ళాను. గుట్టుగా కన్నం తెరిచేస్తే ఆవిడా బతుకుతుంది, నా పరువూ బతుకుతుంది. అదీ నా లెక్క.

వెనకాల వెలుతురు లేదు. సన్నటి వాన. టార్చి వేస్తే ఎవరైనా చూస్తారని, మోకాళ్ళ మీద కూచుని చేతుల్తో గోడ తడిమాను. నా పనితనం నాకే దొరకలేదు. ఎలాగో అంచు దొరికింది. చెక్కడం మొదలెట్టాను. నురగ పొడి వేళ్ళకి అంటుకుంటోంది. పలక కదిలింది. ఊడి నా ఒళ్ళో పడింది.

కన్నం ఊపిరి పీల్చింది.

గాలి లోపలికి పోవడం నాకు తెలుసు, వేలసార్లు విన్నాను. ఇది అది కాదు. నీళ్ళలో మునిగినవాడు తల పైకెత్తి పీల్చినట్టు... పొడుగ్గా... గొంతు అడ్డం పడి... ఆగి... మళ్ళీ పొడుగ్గా.

పైపు పొగాకు వాసన వచ్చింది.

"మాలకీ..."

కన్నంలోంచే. గుసగుసగా.

"ఎవడ్రా మూసింది?"

ముసలాళ్ళు ఎవరో ఆట పట్టిస్తున్నారనుకున్నాను. టార్చి వేసి చూశాను. వంటగది ఖాళీ. ఖాళీ కుర్చీ. బర్నర్ కన్ను ఒక్కటే వెలుగుతోంది. అది మెల్లగా తెల్లబడుతోంది, గాలి తగిలి.

"ఎవడ్రా మూసింది?"

చెబితే అయిపోయేది. అక్కడున్నది నేనూ, చీకటీ, చచ్చిపోయిన మనిషీ. ఆ ముగ్గురిలో కూడా నేను పరువు చూసుకున్నాను.

"ఏమో యూనన్... ఎవరో... కిటికీలు పెట్టినవాళ్ళేమో..."

పొగాకు వాసన పోయింది. తర్వాత ఇంటి లోపలెక్కడో, ముందు గదిలో, గోలంతా ఒక్కసారిగా అణిగిపోయింది. ఎవడో గొంతు సవరించుకున్నాడు. చిన్నగా నవ్వాడు. మాట్లాడటం మొదలెట్టాడు. మాటలు సరిగ్గా వినపడటం లేదు. ఆ గొంతు ఎక్కడో విన్నదే. ఎవరిదబ్బా... ఎవరిది... ఫోన్ మెషీన్‌లో విన్నాను దీన్ని. "మాలకీని మాట్లాడుతున్నాను, మీ పేరు చెప్పండి" అని.

నా గొంతు.

ఉలి అక్కడే పారేసి పరిగెత్తాను. వెనక తలుపులోంచి, వంటగదిలోంచి, ముందు గదిలోకి. అందరూ లేచి నిలబడి ఉన్నారు. కొందరాడవాళ్ళు ఏడుస్తున్నారు. యూనన్ కాళ్ళ దగ్గర మనిషి నిలబడేంత ఖాళీ వదిలి ఉంది, ఇప్పుడే ఎవరో అక్కణ్ణుంచి కదిలినట్టు.

పక్కింటి హ్యూడీ నా చేతులు చూశాడు. నురగ పొడి, మట్టి. "చెప్పిన వెంటనే వెళ్ళి కన్నం కూడా తెరిచేశావట్రా?" అన్నాడు.

"చెప్పిన...?"

డింప్నా వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. మొహం పాలిపోయి ఉంది. "నువ్వు దాచుకుని ఉంటే ఎవరికి తెలిసేది నాయనా? ఇంతమందిలో నిలబడి, మా అన్న మొహం చూస్తూ చెప్పావు. మూయమని అడిగింది నేనే కదా. పాపం ఉంటే చెరిసగం. ఇప్పుడెవరైనా అన్నని కోసి చూస్తామంటే నేను ఒప్పుకోను. నువ్వు చెప్పావు, నాకది చాలు."

అప్పుడైనా అనాలి. "చెప్పింది నేను కాదమ్మా" అనాలి. గదిలో ముప్పైమంది నా వంక చూస్తున్నారు, ఎప్పుడూ ఎవరూ నన్ను అలా చూడలేదు. నేను తల దించుకున్నాను. ఒప్పుకుంటున్నవాడు తల దించుకున్నట్టే కనిపించి ఉంటుంది.

బాయిలర్ ఆర్పేశాం, కిటికీలు బార్లా తెరిచాం. డింప్నా ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికింది. ఏటా నేనే వెళ్ళి బర్నర్ చూశాను, ఒక్క అంకె కూడా కొలవకుండా రాయలేదు. ఏటా ఆపిల్ టార్ట్ పెట్టింది. ఏటా తిన్నాను. ఆవిడ పోయాక పనిముట్లు అమ్మేశాను.

ఒక్కమాట మిగిలిపోయింది. ఆ సాయంత్రం హ్యూడీ నన్ను వ్యాను దాకా సాగనంపుతూ అన్నాడు. "అంతా బానే ఉందిగానీ, వంతెన దాటాక మూడో ఇల్లు అన్నావేమిట్రా? అక్కడున్నవి రెండే ఇళ్ళు కదా."

"నేనన్నానా?"

"అన్నావు. అక్కడా నేనే మూశాను, ముగ్గురు పోయారు అన్నావు. ఏదో బాధలో అన్నావులే, పోయి పడుకో."

పదిహేనేళ్ళు వంతెన దాటాక రెండే ఇళ్ళు. నేను అటు వెళ్ళినప్పుడల్లా లెక్కపెట్టుకునేవాణ్ణి.

పోయిన మంగళవారం సాయంత్రం అటు వెళ్ళాను. రెండో ఇంటి పక్క పొలంలో కొత్త గోడలు కిటికీల ఎత్తు లేచాయి. కారు ఆపేశాను. టర్లక్ అని, కుర్రాడు, ఇల్లు కట్టుకుంటున్నది తనే. నవ్వుతూ ఎదురొచ్చాడు. వెనకాల అతని భార్య, చంకలో పసిపిల్ల.

"మళ్ళీ వచ్చారే మాలకీ గారూ! ఏమైనా మర్చిపోయారా?"

"మళ్ళీ ఏమిటి బాబూ? నేను రావడం ఇదే."

అతను పెద్దగా నవ్వాడు. "మీరు చెప్పినట్టే మేస్త్రీకి చెప్పేశానండీ. బాయిలర్ గది గోడలో కన్నం అక్కర్లేదు, ఉన్నది పూడ్చెయ్యమని."

అప్పుడు చెప్పాను. అక్కడే నిలబడి, మొదటిసారి నా నోటితో నేను, అంతా చెప్పాను. పలకరాయి, దొంగ అంకెలు, యూనన్ ఎర్రటి మొహం, నాది కాని ఆ గొంతు. కన్నం పూడ్చొద్దు బాబూ అని చేతులు పట్టుకున్నాను.

అతను మర్యాదగా విన్నాడు. మెల్లగా చేతులు విడిపించుకున్నాడు. భార్య పిల్లని గట్టిగా పట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది.

"అదేనండీ చిత్రం" అన్నాడు టర్లక్. "పొద్దున కూడా మీరు ఇదంతా చెప్పారు, పొల్లు పోకుండా. చివర్లో మాత్రం నవ్వి, సాయంత్రం ఒకడు అచ్చం నాలాగే వస్తాడు, ఏడుస్తాడు, వాడి మాట నమ్మకండి అన్నారు."