శెనగగింజంత రాయి

1979. నంద్యాల స్టేషన్లో గుంటూరు పాసింజర్ దిగిన సర్వేయర్ రాజరత్నం ప్లాట్‌ఫారం దాటలేదు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ పని ముగించింది. ఆయన భుజానికున్న మ్యాపు ట్యూబు మాయమైంది.

ఏళ్ల తరబడి పడవలో తిరిగి, సీసపు గుండు కట్టిన తాడుతో సముద్రం లోతులు కొలిచి, ఓ దీవి చుట్టూ ఉన్న ఇసుక తిన్నెల్నీ, మునిగిన రాళ్లనీ మ్యాపుకెక్కించిన మనిషి ఆయన. తెల్లదొరల పాత చార్టుల్లో అక్కడ ఉత్త నీళ్లే. ఇప్పుడా దీవి మీద మన నేవీ ఆయుధాల డిపో ఉంది.

"చంపింది విక్టర్. విదేశీ ముఠా లీడర్," అన్నాడు చీఫ్. "మ్యాపు పట్టుకురా. మీ అన్న చావు సంగతి తర్వాత చూద్దాం."

"తర్వాతంటే ఎప్పుడు సార్?" అన్నాడు ఏజెంట్ ప్రభుదాసు. చీఫ్ ఆళ్లగడ్డ అడ్రసు చీటీ అతని ముందుకు తోశాడు.

ఆళ్లగడ్డలో శిల్పాల ఎక్స్‌పోర్టు షెడ్డు. బండల లారీ క్లీనర్ వేషంలో ప్రభుదాసు లోపలికి దూరాడు. మద్రాసు రేవులో కస్టమ్స్ వాళ్లు కాగితాన్నీ, ఫిల్మునీ వదలరు. రాతినంది అడుగున ఎవరు చూస్తారు? ప్రభుదాసు చూశాడు. పక్కకు ఒరిగించిన నంది పీఠం కింద అన్న మ్యాపంతా చెక్కి ఉంది. పడవ దారికి అడ్డంగా, మునిగిన రాయికి గుర్తుగా, శెనగగింజంత బొడిపె. "ఈ రాయి ఎవుర్నీ వదల్దురా," అని అన్న చెప్పింది దీని గురించే.

వీపుకు పిస్టల్ ఆనింది.

"బేతంచెర్ల బండలు యాడికప్పా?"

"సున్నిపెంటకు."

కోడ్ సరిపోయింది. పిస్టల్ దించిన ఇందుమతి నల్ల కళ్లద్దాలు తీసింది. కంచిపట్టు కట్టి విక్టర్ కుడిభుజంలా తిరుగుతూ, మనకు పనిచేస్తున్న మనిషి.

"కాగితం కాల్చేసినారు. విక్టర్ మద్రాసులో ఓడెక్కినాక దీని మీద అచ్చు తీసుకుంటాడు. సీజ్ చేస్తావా?"

"చేస్తే వాడు ఆణ్నుంచే ఎగిరిపోతాడు. పడవ నడిపేదెవురు?"

"వాడే. ఇంకెవుర్నీ నమ్మడు. డిపో పేల్చేది గూడా వాడే."

"అట్లయితే ఉలి ఇయ్యి."

ఆమెకు అర్థమైంది. "బేగా కానీ. లారీ వస్తాండాది."

ఒక్క దెబ్బ కొట్టి, సానరాయితో నున్నగా రుద్దాడు.  

ఆ వారంలోనే ఒక పొద్దున, డిపో వైపు దూసుకొచ్చిన పడవ, విక్టర్ చెయ్యి బాంబు టైమర్ మీద ఉండగానే నిలువునా చీలిపోయింది. సముద్రం వాణ్ని తిరిగివ్వలేదు. కాపలా వాళ్లతో జెట్టీ మీద నిలబడి చూసిన ప్రభుదాసుకు కడుపుమంట చల్లారింది.

"నిన్ను తెమ్మన్నది మ్యాపు," అన్నాడు చీఫ్. "అయినా అంత పెద్ద రాయి విక్టర్‌కు కనబడకపోవడమేమిటి?"

ప్రభుదాసు జేబులోంచి శెనగగింజంత రాతిముక్క తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎట్ల కనపడతాది సార్? నా దగ్గరుంటే."