రోడ్డు వైపు తిరిగిన బూట్లు

కాస్కేడ్ కొండల్లోని ఆ జపాను గుడి పేరెత్తితే బోథెల్ ఊళ్లో ఉండే తెలుగువాళ్లు మాట మార్చేస్తారు. వీసా పెండింగ్‌లో ఉన్నవాళ్లయితే ఆ దారిన కారు కూడా పోనివ్వరు.

కారణం బూట్లు.

అడవి మధ్యలో నలభై రాతిమెట్లు. మెట్ల మొదట్లో ఎర్రరంగు వెలిసిపోయిన కొయ్య ద్వారం— రెండు స్తంభాలు, పైన అడ్డంగా రెండు దూలాలు, తలుపుల్లేవు. వందేళ్ల కిందట కలప కోసే సామిల్లులో పనికొచ్చిన జపాను కూలీలు కట్టుకున్న గుడి అది. మనవాళ్లు వెళ్తే, ఎవరూ చెప్పకుండానే, ద్వారం దగ్గర బూట్లు విప్పి గుడి ముఖంగా వదిలి మెట్లెక్కుతారు. దిగొచ్చేసరికి... ఆ బూట్లు రోడ్డు వైపు తిరిగి ఉంటాయి. మడమలు కలిపి, ఎవరో పేర్చి పెట్టినట్టు.

చుట్టుపక్కల చూస్తే మనిషన్నవాడు ఉండడు.

శ్రేయాస్ అనే కుర్రాడు మేపుల్ ఆకులు ఫొటో తీద్దామని వెళ్లాడు. బూట్లు తిరిగాయి. మూడు వారాల్లో అతని వీసా ఎక్స్‌టెన్షన్ రిజెక్ట్ అయింది. రేణు అని ఇంకొకావిడ, వాళ్లాయన బూట్లు తిరిగాయి. నెల తిరక్కుండా ఉద్యోగం పోయింది. హైదరాబాదు దగ్గర వీసా ఇప్పించే దేవుడుంటే ఇక్కడ వీసా పీకేసే దేవుడున్నాడని నవ్వుతూ మొదలుపెట్టినవాళ్లే, చివరికి గొంతు తగ్గించి అనేవాళ్లు— దేవుడు కాదు, అక్కడ ఇంకేదో ఉందని.

అలాంటి చోటికి నవంబరు శనివారం ఫొటోవాక్ పెట్టాడు లక్ష్మీపతి అంకుల్. రిటైరయ్యాక తెలుగువాళ్ల కెమెరా గ్రూప్ నడుపుతున్నాడాయన. ఏడుగురు పేర్లిచ్చారు. శుక్రవారానికి ఒకరికి జ్వరం, ఒకరి పిల్లాడికి సాకర్ మ్యాచ్, ఒకరి కారుకి టైరు... మిగిలింది మైత్రి ఒక్కతే.

ఎవరు భయపడినా అర్థముంది గానీ, నిజానికి భయపడాల్సింది మైత్రే. ఉద్యోగం పోయి అది నలభై ఎనిమిదో రోజు. అరవై రోజుల్లోగా ఇంకో కంపెనీ వీసా పిటిషన్ ఫైల్ చేయకపోతే పదకొండేళ్ల బతుకుని రెండు సూట్‌కేసుల్లో సర్దుకోవాలి. బెల్‌వ్యూలో ఒక కంపెనీ ఇంటర్‌వ్యూలన్నీ ముగించింది. ఫైల్ చేస్తారో లేదో, శనివారమైనా సరే, ఆ సాయంత్రం ఐదింటికి మెయిల్ పెడతామంది.

అయినా వెళ్లింది. యూనివర్సిటీ రోజుల్లో మైకు పట్టుకుని మూఢనమ్మకాల మీద నిప్పులు చెరిగిన పిల్ల. భయం పాలకవర్గాల ఆయుధమని వాట్సాప్ గ్రూపులో పోస్టు కూడా పెట్టింది. దానికి అంకుల్ జవాబు ఒకటే— పాలకవర్గం సంగతి తర్వాత చూద్దాం, ట్రైపాడ్ మర్చిపోకు.

మూడున్నరకి ద్వారం దగ్గర దిగారు. దేవదారు చెట్ల కింద అప్పటికే మసక. ఫోన్‌లో సిగ్నల్ ఒక్క గీత, అదీ ఉండీ లేనట్టు. ద్వారం పక్కన చిన్న బోర్డు— ఇక్కణ్ణుంచి మాటలు వద్దు.

అంకుల్ బూట్లు విప్పేసి, గుసగుసగా అన్నాడు.

"నాకేంటమ్మా, సిటిజన్‌ని. దెయ్యమైనా నన్ను డిపోర్ట్ చేయలేదు."

ఆయన నాలుగు మెట్లు ఎక్కేదాకా మైత్రి ఆగింది. తర్వాత ఒక పని చేసింది— ఎవరికీ చెప్పుకోలేని పని. తన హైకింగ్ బూట్లని గుడి ముఖంగా పెట్టి, రెండింటి లేసులూ కలిపి స్తంభానికి కట్టింది. ఒక ముడి... దాని మీద ఇంకొకటి... పళ్లతో పట్టి లాగి మూడోది.

తిప్పండి చూద్దాం, అనుకుంది. ఎవరిని అందో ఆమెకే తెలీదు.

పైన గుడి చిన్నది. నాచు పట్టిన కప్పు, మూసిన కొయ్య తలుపులు, చూరుకి వేలాడే గంట, దానికి మోకంత తాడు. మేజోళ్లలోంచి రాయి చల్లదనం ఎముకల్లోకి ఎక్కుతోంది. అంకుల్ ఒక మూల, మైత్రి ఒక మూల ట్రైపాడ్లు నిలబెట్టి మాట లేకుండా ఫొటోలు తీశారు. వెలుగు తగ్గేకొద్దీ షట్టర్ సమయం పెరిగింది. ఐదు సెకన్లు... పదిహేను... ముప్పై.

ఒకసారి షట్టర్ తెరిచి ఊరికే నిలబడ్డప్పుడు, మైత్రి చెయ్యి దానంతటదే లేచి గంట తాడు అందుకుంది. చిన్నప్పటి అలవాటు. లాగాక గాని ఏం చేసిందో తెలియలేదు.

కొండంతా మోగింది.

ఆ మోత ఆగాక— కిందనుంచి ఇంకో చప్పుడు.

టక్...

అంకుల్ తల తిప్పాడు.

టక్... టక్...

మెట్ల మీద. ఒక్కో మెట్టుకీ ఒక్కసారి. తొందర లేదు. చీకట్లో తెల్లటి తల ఒకటి తేలింది... తర్వాత భుజాలు... తర్వాత కర్ర.

ముసలావిడ. ఎనభై ఐదు దాటే ఉంటాయి. చేతిలో చిన్న లాంతరు. రోజూ ఈ వేళకి దీపం పెట్టడానికి వస్తానని, గంట విని పైన ఎవరో ఉన్నారనుకున్నానని మెల్లగా ఇంగ్లీషులో చెప్పింది. పేరు మోరి. ఇల్లు కింద రోడ్డు మలుపులో ఉందట.

అంకుల్ ఇంక ఆగలేక బూట్ల సంగతి అడిగేశాడు. ఆవిడ నవ్వింది.

"నేనే తిప్పుతాను. మావాళ్లెవరూ అక్కడ బూట్లు విప్పరు, మీవాళ్లే విప్పుతారు. ఎందుకో నాకర్థం కాలేదు. విప్పాక మరి ఊరుకోకూడదు కదా."

అతిథి వెళ్లేటప్పుడు వెనక్కి తిరిగి అవస్థ పడకుండా, కాలు పెట్టి నడిచిపోయేలా చెప్పులు తిప్పి పెట్టడం వాళ్ల మర్యాదట. వంగలేదు కాబట్టి కర్ర కొసతో తిప్పుతుందట. పగటి పూటైతే తిప్పేసి ఇంటికెళ్లి టీ పెట్టుకుంటుందట. అంతే దెయ్యం.

మైత్రికి నవ్వొచ్చింది. పగలబడి నవ్వాలనిపించింది గానీ బోర్డు గుర్తొచ్చి ఆపుకుంది. శ్రేయాస్‌ని పంపింది వీసా ఆఫీసులో ఒక గుమాస్తా, రేణు మొగుడిని పంపింది కంపెనీ లాభాపేక్ష, నింద మాత్రం ఈ ముసలమ్మ కర్ర మోస్తోంది.

"ఇవాళ ఒక జత స్తంభానికి కట్టేసి ఉంది," అంది ఆవిడ. "కర్రతో ఆ ముడి ఏం చేయగలను? వదిలేశాను."

అంకుల్ మైత్రి వైపు చూశాడు.

"హేతువాది గారి పనేనా?"

మైత్రి సిగ్గుపడింది. సిగ్గు అడుగున ఎక్కడో చిన్న సంతోషం కూడా— నావి ఇంకా గుడి వైపే ఉన్నాయని.

మోరి దీపం వెలిగించి చెప్పుకుపోయింది. ఈ తిప్పడం తనకి అమ్మ దగ్గర్నుంచి వచ్చిందట. జపానుతో యుద్ధం రోజుల్లో సామిల్లు గోడ మీద నోటీసు అంటించారు— జపాను రక్తమున్నవాళ్లంతా ఆరు రోజుల్లో ఖాళీ చేయాలి. ఇక్కడ పుట్టిన పిల్లలు కూడా. అప్పటికి తనకి నాలుగేళ్లు. చివరి రాత్రి అమ్మ నిద్రపోలేదు. ఇంట్లో అందరి బూట్లూ తలుపు వైపు తిప్పి, లేసులు విప్పి లోపలికి దోపి పెట్టింది. సైనికులు తలుపు కొట్టినప్పుడు పిల్లలు తడుముకోకూడదని. వాళ్ల ముందు వంగి ముడులతో పెనుగులాడకూడదని.

"మమ్మల్ని పెట్టిన క్యాంపులో రెండో చలికాలంలో పోయింది అమ్మ," అంది. "నేను తిరిగొచ్చాను."

మనుషుల్ని ఊళ్లోంచి లేపేయడానికి తుపాకీ అక్కర్లేదు, గోడ మీద కాగితం చాలు— మైత్రి నోటి దాకా వచ్చింది, ఏదో సభలో తనే అరిచిన మాట. ఆ దీపం ముందు అనలేకపోయింది.

ఆవిడ తలుపులు వేయడానికి పైనే ఉండిపోయింది. అంకుల్ సెల్‌ఫోన్ లైటు వెలుగులో ఇద్దరూ మెట్లు దిగారు. నలభై... ముప్పై... పది...

ద్వారం దగ్గర అంకుల్ బూట్లు రోడ్డు వైపు తిరిగి ఉన్నాయి. వాటి పక్కన—

మైత్రి బూట్లు.

రోడ్డు వైపు. మడమలు కలిపి. స్తంభానికి ఏమీ లేదు. మూడు ముడులూ విప్పేసి ఉన్నాయి. లేసులు పొడుగ్గా సాగదీసి, మెత్తగా చుట్టి, బూట్ల లోపలికి దోపి ఉన్నాయి.

పైన దీపం పక్కన తెల్లటి తల ఇంకా కనిపిస్తూనే ఉంది. అక్కణ్ణుంచి కదల్లేదు.

"అమ్మాయ్..." అంకుల్ లైటు స్తంభం మీదికి తిప్పాడు. "మనం పైనున్నప్పుడు... ఇంకెవరైనా..."

జేబులో ఫోన్ కొట్టుకుంది. ఒక్క గీత సిగ్నల్. ఐదు దాటి రెండు నిమిషాలు. మైత్రి తెరిచింది. మొదటి వాక్యంలోనే విచారిస్తున్నామన్నారు. ఫైల్ చేయడం లేదు. అంతే మెయిల్.

ఇంకా పన్నెండు రోజులు. వాళ్లకి ఆరే ఇచ్చారు.

ఏడుస్తుందేమో అనుకున్నాడు అంకుల్. ఆమె కింది మెట్టు మీద కూర్చుంది. ఆ బూట్లనే చూసింది. పంపించేది కాగితం. ఇక్కడున్నది ఎవరో గానీ, ఎవరినీ పంపడం లేదు... వెళ్లక తప్పనివాళ్లు తడుముకోకుండా చూస్తోంది.

వంగలేదు. ముడులతో పెనుగులాడలేదు. ఊరికే కాలు పెట్టింది.

గంటన్నర నవంబరు చలిలో ఉన్న బూటు. లోపల వెచ్చగా ఉంది.