ఒకే దిండున్న గది

కిటికీ పక్కన ఒక మంచం, మంచం మీద ఒకే ఒక దిండు, దిండుకి ఎదురుగా సముద్రం. ఫోన్‌లో ఆ గది ఫోటో చూడగానే పళ్ళావిడ దాని మీద మనసు పారేసుకుంది. నార్వే తీరంలో, కొండలు నేరుగా నీళ్ళలోకి దిగిపోయే ఒక చిన్న నగరం. రేవు వెంట ఎర్రవీ పసుపువీ చెక్క ఇళ్ళు. వాటిలో ఒక ఇంటి పైకప్పు కింద ఆ గది. చేతులు బార్లా చాపితే రెండు గోడలూ తగిలేంత ఇరుకు. వేసవిలో అక్కడ చీకటి సరిగ్గా పడదట. వాన మాత్రం అడక్కుండానే పడుతుందట. వచ్చే వారం, మూడు రోజులు, ఒక్కతే వెళ్ళడానికి అన్నీ సిద్ధం చేసుకుంది. వాన కోటు కొనుక్కుంది. ఏ కొండ ఎక్కాలో, ఏ పడవ ఎక్కాలో, ఏ బల్ల మీద కూర్చుని ఎవరితోనూ మాట్లాడకుండా కాఫీ తాగాలో కూడా అనుకుంది.

పళ్ళావిడ అనేది ఆమె వృత్తిని బట్టి వచ్చిన పేరు. పళ్ళ డాక్టర్లు తీసి పంపిన నోటి అచ్చుల్ని బట్టి, ఇంటి వెనక గదిలో కూర్చుని కట్టుడు పళ్ళు తయారు చేస్తుంది. "నేను పళ్ళు నూరితే కోపం అనుకోకండి, నా పనే అది" అని పరాచికాలాడేది. ఈమధ్య ఆ పరాచికం మానేసింది. నిజంగానే కోపం.

కోపం, పోయిన మొగుడి మీద. ఆయన పోయి ఏడాది దాటింది. పరామర్శకి వచ్చినవాళ్ళందరూ "దేవుడిలాంటి మనిషమ్మా, నిన్ను ఒక్క అడుగు ఒంటరిగా వెయ్యనిచ్చేవాడు కాదు" అని ఏడ్చారు. ఏడుస్తూనే అయినా నిజం చెప్పారు. వెయ్యనివ్వలేదు. ఎక్కడికి వెళ్తానన్నా "మనం వెళ్దాంలే" అనేవాడు. ఎక్కడికీ వెళ్ళేవాడు కాదు. ఆమె 'నేను' అని మొదలుపెట్టిన ప్రతి మాటనీ ఆయన 'మనం' అని ముగించేవాడు. డాక్టరు ఆమెను ఎక్కడ నొప్పి అని అడిగితే "మనకి నడుం పట్టేసిందండీ" అని ఆయన జవాబు. మేము అన్నా కొంత నయం. మనం అనేసరికి ఆ డాక్టరుకి కూడా నడుం పట్టేసినట్టుండేది. ఆయన పళ్ళూ ఆమే కట్టింది. ముందు పన్ను రవ్వంత పొడవై, 'స' అన్నప్పుడల్లా సన్నని ఈల వచ్చేది. ఇటివ్వండి, సరిచేస్తాను అంటే "మనకి అలవాటైపోయిందిలే" అనేవాడు. ఆ నోట్లో ఉన్నవి ఆమె పళ్ళు కూడా అయినట్టు!

ఆ సాయంత్రం ముసురు పట్టి ఉంది. వెనక గదిలో పళ్ళ అచ్చులకి కరిగించిన మైనం వాసన. ఫోన్ టింగుమంది. గది ఖాయమైందని కబురు. చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది. 'ఇద్దరికి' అని ఉంది.

వెంటనే ఆ గది యజమానురాలికి ఫోన్ చేసింది. పెద్దావిడ గొంతు, నెమ్మదైన ఇంగ్లీషు.

"నేను ఒక్కదాన్నే అని చెప్పాను కదండీ?"

"చెప్పారు. తర్వాత మీ ఆయన ఫోన్ చేశారు. ఇద్దరం వస్తున్నాం, ఇంకో దిండు వెయ్యమన్నారు. చాలా మర్యాదస్తులు."

పళ్ళావిడకి ఒళ్ళు మండిపోయింది. ఇది ఎవరి పనో ఆమెకి వెంటనే తట్టింది. పై వాటాలో మరిది ఉంటాడు. అన్నయ్య గొంతే, అన్నయ్య నడకే. మెట్లు దబదబా ఎక్కి వెళ్ళింది.

"మీ అన్నయ్య పేరు చెప్పి ఫోన్లు చేస్తున్నావా? సిగ్గులేదూ?"

మరిది టీ గ్లాసు పట్టుకుని నోరు వెళ్ళబెట్టాడు. "ఎవరికి వదినా?"

"నంగనాచి వేషాలు వెయ్యకు. నార్వేకి!"

"నార్వేకా? నువ్వు నార్వే వెళ్తున్నావా?" అని గ్లాసు కింద పెట్టాడు. "ఒక్కదానివేనా? అన్నయ్య ఉంటే ఒప్పుకునేవాడా?"

"లేడు కాబట్టే వెళ్తున్నాను."

చెంప మీద కొట్టినట్టు అని, వెనక్కి తిరిగింది. సగం మెట్లు దిగాక కాళ్ళు ఆగిపోయాయి. నిజమే. తను ఎవరికీ చెప్పలేదు. ఏ దేశమో కూడా చెప్పలేదు. మరిదికి ఆ ఇంటి నంబరు ఎలా తెలుస్తుంది?

కింద ఇంట్లోకి అడుగు పెట్టేసరికి బాగా మసకబడింది. హాల్లో లైటు వెయ్యలేదు. చూరు నుంచి నీళ్ళు కారుతున్న చప్పుడు. మైనం వాసన పోయింది. ఇంకేదో వాసన... లవంగ నూనె. ఆయన చిగుళ్ళకి రాసుకునేది. సీసా ఎప్పుడో పారేసింది. చేతులారా పారేసింది. వాసన మాత్రం ఆయన కుర్చీ దగ్గర చిక్కగా ఉంది. ఇప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టు.

ఒళ్ళు జలదరించింది. ఆ జలదరింపు మీద కూడా కోపం వచ్చింది.

"వచ్చారా?" అంది ఖాళీ కుర్చీతో. "బతికుండగా ఒక్క రోజు నన్ను నాకు వదల్లేదు. చచ్చాక కూడానా? మూడు రోజులండీ! నా బతుకు మొత్తంలో మూడే రోజులు అడుక్కుంటున్నాను. అవి కూడా మనవేనా?"

కుర్చీ కదల్లేదు. కిర్రుమనలేదు. దానికే ఆమెకి ఎక్కువ భయం వేసింది.

మళ్ళీ ఆ పెద్దావిడకి ఫోన్ చేసింది. "రెండో దిండు తీసెయ్యండి. నాకు మొగుడు లేడు. మళ్ళీ ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టెయ్యండి."

అవతల సముద్రపు పక్షుల అరుపులు వినిపిస్తున్నాయి.

"ఎవరండీ మాట్లాడేది?" అంది పెద్దావిడ.

పళ్ళావిడ తనెవరో చెప్పింది.

"కానీ ఆవిడ పైన ఉన్నారు కదా! ఇందాకే ఇద్దరూ వచ్చారు. ఆగలేక వారం ముందే వచ్చేశామన్నారు ఆయన. మాట్లాడుతుంటే పళ్ళలోంచి చిన్న ఈల వస్తుంది..."

పళ్ళావిడ గోడకి ఆనుకుంది. "ఆవిడ... ఏమైనా మాట్లాడిందా?"

"లేదు పాపం. కాఫీ కావాలా అని ఆవిడనే అడిగాను. ఆయన వద్దన్నారు. కిటికీ తెరవమంటారా అన్నాను. దానికీ ఆయనే వద్దన్నారు. ఏదో ఒక మాట ఆవిడతో మాటిమాటికీ అంటున్నారు. మనం... మనం అని. దానికి మీ భాషలో అర్థం ఏమిటి?"

"గొళ్ళెం" అంది పళ్ళావిడ.

తన సముద్రం. తన కిటికీ. అక్కడ కూర్చోబెట్టి కూడా చూడనివ్వడం లేదు!

"ఆయన ఉన్నాడా ఇప్పుడు?"

"వరండాలో నిలబడి ఎవరితోనో ఫోన్ మాట్లాడుతున్నారు."

"అయితే ఈ ఫోన్ పైకి తీసుకెళ్ళి ఆవిడకివ్వండి. దయచేసి. ఇప్పుడే."

చెక్క మెట్లు మూలిగాయి. తలుపు తట్టిన చప్పుడు. ఏదో గుసగుస. ఫోన్ చేతులు మారింది. తర్వాత ఊపిరి... బరువుగా, నిదానంగా.

"ఎవరే నువ్వు?" అంది పళ్ళావిడ పళ్ళ బిగువున.

"ష్... గట్టిగా అరవకు."

ఆ గొంతు తనదే. ఆయన నిద్రపోతున్నప్పుడు, లేవకూడదని, తను పిల్లిలా మాట్లాడే గొంతు.

"లే! లేచి బయటికి నడువు. అది నా ఊరు. నువ్వు నేనే అయితే కొండెక్కు, పడవెక్కు, ఏదో ఒకటి చెయ్యి. ఆయన ముందు తలొంచుకుని కూర్చోవడానికా నేను ఇంత ఆశపడింది?"

"ఆయన అడిగాడు..." అంది అవతలి గొంతు. "ఇంట్లో మనం ఏమీ వదిలేసి రాలేదు కదా అని."

"ఏం చెప్పావు?"

"ఏమీ లేదన్నాను."

పళ్ళావిడ ఫోన్‌ని చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"ఒక్కదానివే ఉండాలని కదా నీ కోరిక..." అంది ఆ గొంతు, దాదాపు ముద్దుగా. "ఉండు."

ఫోన్ తెగిపోయింది. మళ్ళీ చేసింది. ఆ నంబరు లేదంది. తెర మీద వేలు పెడితే తెర కదలడం మానేసింది. గట్టిగా నొక్కింది. అరచేత్తో కొట్టింది. వేలు చలిలో కొయ్యబారినట్టుంది...

పై వాటా తలుపు తెరుచుకుంది. మెట్ల మీద అడుగులు. ఆయన నడకలా ఉన్నాయి. పళ్ళావిడ వెనక గదిలోకి ఉరికి, పని బల్ల మీద నుంచి మైనం చెక్కే కత్తి తెచ్చుకుంది. రానీ అనుకుంది. ఈసారి రానీ. ఇన్నేళ్ళూ మింగిన ప్రతి మాటా నోటి దాకా వచ్చి నిలబడింది.

తలుపు తోసుకుని వచ్చింది మరిది. కత్తి పట్టిన చెయ్యి దిగింది. "నువ్వా! ఎంత హడలగొట్టావు... ఇలా రా, చెప్తాను" అంది.

అతను పలకలేదు. చెవి దగ్గర ఫోన్ ఉంది. హాల్లోకి వచ్చి కిటికీలు ఒక్కొక్కటే వేశాడు. వంటింట్లోకి వెళ్ళి గ్యాస్ కట్టేశాడు. వెనక గదిలో మైనం పొయ్యి ఆర్పాడు.

"ఏయ్, నిన్నే! ఏం చేస్తున్నావు?" అతని భుజం పట్టుకుని గుంజింది. చొక్కా మడత కూడా నలగలేదు. చెవిలో అరిచింది. ఎదురుగా వెళ్ళి దారికి అడ్డంగా నిలబడింది. అతను ఆమెను తగలకుండా, కొంచెం పక్కకి ఒదిగి, గుమ్మం దాటాడు. తాళం చేతిలోకి తీసుకున్నాడు.

"ఆఁ... అన్నీ కట్టేశాను" అన్నాడు ఫోన్‌లో. "అబ్బే, లోపల ఎవరూ లేరన్నయ్యా. నువ్వూ వదినా నిశ్చింతగా తిరిగి రండి."

ఆ మాట అంటున్నంతసేపూ అతను తిన్నగా ఆమె కళ్ళలోకే చూస్తున్నాడు.