చుక్కల వేగం

“చంపబోయేది మందుతోనే,” అన్నాడు చీఫ్. “విషం కాదు. డాక్టరు రాసిచ్చిన మందుతోనే.”

డేగ ఆవులింత ఆపుకున్నాడు. గూఢచారి శాఖలో అతన్ని అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. చీఫ్ ఏదైనా రెండుసార్లు చెబుతాడని తెలిసి, మొదటిసారి వినడం అతను ఎప్పుడో మానేశాడు.

విదేశీ ముఠాకి విషవాయువు తయారుచేసిన కెమిస్టు ఎదురుతిరిగాడు. ముఠా నాయకుడి మొహం చూసినవాడు అతనొక్కడే. వచ్చేవారం కోర్టులో గుర్తుపట్టాలి. ప్రస్తుతం క్యాన్సర్ వార్డులో ఉన్నాడు.

పక్కనే కూర్చున్న డాక్టరమ్మ వివరించింది. “ఈ కీమో మందు పంపుతో రెండు రోజులు మెల్లగా ఎక్కాలి. ఎక్కినదాన్ని ఎక్కినట్టే లివర్ విరగ్గొడుతూ ఉంటుంది. అందుకే రక్తంలో మందు హద్దు దాటదు. అదే సంచీని గంటలో తోసేస్తే లివర్ అందుకోలేదు. రక్తంలో మందు అమాంతం పెరిగిపోతుంది. కొద్దిరోజుల్లో మనిషి పోతాడు.”

“పోస్టుమార్టంలో?”

“అదే మందు, అదే డోసు. జబ్బుతో పోయాడనుకుంటారు.”

“లేవలేనివాణ్ణి చంపడానికి ఎంత శౌర్యం!” అన్నాడు డేగ.

మధ్యాహ్నం అతను పేషెంటు బావమరిది వేషంలో, నలిగిన చొక్కాతో వార్డుకి వెళ్లాడు. మంచం దగ్గర నర్సు వేషంలో నెమలి అనే ఏజెంటు ఉంది. చీఫ్ ఏరికోరి వేసిన కాపలా. ఆమె అందానికి శాఖలో మీటింగులు కూడా ఆగిపోయేవి.

“వాన వచ్చేలా ఉందండీ,” అన్నాడు డేగ.

“గొడుగు ఇంట్లోనే మరిచాను,” అందామె. కోడ్ సరిపోయింది.

కెమిస్టు కళ్లు తెరిచాడు. “బాబూ, నేను బతుకుతానా?”

“మీరు చేసిన పనికి బతక్కూడదు. కానీ సాక్ష్యం చెప్పాలిగా, బతకండి.”

నెమలి నవ్వి లిప్‌స్టిక్ తీసింది. మూత తిప్పింది. పెదాలకి మాత్రం రాసుకోలేదు.

అంతవరకూ దోమలా సన్నగా మోగుతున్న పంపు ఒక్కసారిగా మిక్సీలా గురగురలాడింది. తెరమీద అంకెలు పైకి ఎగబాకాయి.

డేగ ట్యూబుని మడిచి పిడికిట్లో నొక్కిపట్టాడు. నెమలి చెయ్యి మందుల ట్రే కిందికి పోయింది. పిస్టల్ బయటికొచ్చేలోగా అతను మోకాలితో ట్రేని ఆమె మీదికి ఎగరగొట్టి, మణికట్టు పట్టి మెలిపెట్టాడు. పిస్టల్ నేలమీద పడింది.

“రిమోటా? సిగ్గులేదూ? కనీసం నీ చేత్తో బటన్ నొక్కే ధైర్యం కూడా లేదు!”

“వాళ్లిచ్చే డబ్బెంతో తెలిస్తే నువ్వూ మారేవాడివి,” అంది నెమలి పళ్లు నూరుతూ.

డాక్టరమ్మ పరుగున వచ్చి క్లాంపు బిగించి, సంచీ పైకెత్తి చూసింది. “చెంచాడు కూడా అదనంగా పోలేదు. గండం తప్పింది.”

కెమిస్టు దుప్పటి మొహం మీదికి లాక్కుని ఏడ్చాడు. డేగ ఓదార్చలేదు. కానీ గార్డులు వచ్చేదాకా ఆ ట్యూబు దగ్గర్నించి కదలనూ లేదు.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. “శభాష్! అన్నట్టు, ఆ అమ్మాయిని కాపలా పెట్టింది నేనేనని పైవాళ్లకి...”

“కంగారుపడకండి సార్,” అన్నాడు డేగ. “ఒక్కసారిగా చెబితే తట్టుకోలేరు. చుక్కచుక్కగా ఎక్కిస్తాను.”